అవ్వ మెడలో పగడాలు

పోయిన నెలలో మా పక్కింటామెకు తోడుగా బంగారం అంగడికి పోయాను. కొనేది ఆమె, బేరమాడేది నేను. అంగడాయన నల్ల మఖమల్ గుడ్డ మీద పగడాలు పరిచి, "నాణ్యమైన రాయి మేడం" అన్నాడు.

"రాయి కాదు" అన్నాను.

"ఒరిజినల్ మేడం, గాజు కాదు."

"గాజు అని నేనన్లేదు. రాయి కాదన్నాను. అది ఒక జంతువు కట్టుకున్న గూడు. సముద్రంలో బతికిన జంతువు."

ఆయన నన్ను చూశాడు, పక్కింటామెను చూశాడు, గుడ్డ మడిచేశాడు. బయటికొచ్చాక ఆమె నాకంటే పది అడుగులు ముందు నడిచింది. "ఇప్పుడిది చెప్పకపోతే ఏమయ్యేది?" అన్న ప్రశ్న ఆమె నడకలోనే వినబడింది. ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్ల క్రితమే జవాబు చెప్పేశాను. అప్పుడు నాకు పద్నాలుగు నిండాయి. హిందూపురం ఆడపిల్లల హైస్కూల్లో ఫిఫ్తు ఫారం, ఎస్సెల్సీకి ముందు ఏడు.

మా ఊళ్లో అప్పట్లో సముద్రం ఏ దిక్కున ఉందో వేలుపెట్టి చూపించగలిగిన మనిషి మా వీధిలో ఒక్కరూ లేరు. నీళ్లంటే బావి అడుగున తళుక్కుమనేవి. ఎండాకాలంలో అవీ ఉండేవి కావు. ఊరికి రెండు వాసనలుండేవి. పొద్దున పూట చింతపండు, బెల్లం మండీల వాసన. మధ్యాహ్నం నుంచి పట్టుగూళ్లు ఉడికే వాసన. ఉడికిన పురుగు వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం, తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాయన పట్టుగూళ్ల దలాలి. ఆ వాసన చొక్కాతో బాటు ఇంటికి తెచ్చేవాడు. చొక్కా విప్పి దండెం మీద వేస్తే, ఆ దండెం పక్కన ఇంకెవరి బట్టలూ ఆరేసేవాళ్లం కాదు.

ఇంట్లో అసలు పెత్తనం నాయనది కాదు, వాళ్లమ్మది. అంటే మా అవ్వది. పొట్టి మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది. మాది మాంసం తినే ఇల్లే. కానీ అవ్వ ముట్టదు. తాతకు ఒకసారి విషజ్వరం వచ్చి, డాక్టరు చేతులెత్తేస్తే, అవ్వ పెనుకొండ వైపు ఉన్న ఒక గురువు దగ్గరికి పోయి తులసిపూస కట్టించుకుంది. "మొగుడు లేస్తే జీవమున్నది ఏదీ నా ఒంటికి తగలనీయను" అని మొక్కింది. తాత లేచాడు. అప్పటినుంచి అవ్వకు వేరే పొయ్యి, వేరే కుండ, వేరే చెంబు. కోడిగుడ్డు పట్టుకుని ఎవరైనా వాకిట్లో నడిచినా, ఆ దారిన నీళ్లు చల్లేది.

ఆమె మెడలో తాళితో బాటు నాలుగు పగడాలుండేవి, అటు రెండు, ఇటు రెండు. పెళ్లినాడు వాళ్లత్త గుచ్చి ఇచ్చినవి. మొగుడి ఆయుస్సు వాటిలో ఉంటుందని మా వైపు నమ్మకం. పొద్దున లేవగానే వాటిని కళ్లకద్దుకుని గాని అవ్వ మంచం దిగేది కాదు.

ఇలా ఉండగా ధర్మవరం నుంచి మా మేనత్త దిగింది. నాయనకు అక్క. వస్తూ వస్తూ నాకొక సంబంధం మోసుకొచ్చింది. ధర్మవరంలో మగ్గాలున్నవాళ్లు, పిల్లోడు బుద్ధిమంతుడు, ఇంటి ముందు అరుగు ఇంత పొడుగు. పిల్లోడి గురించి ఒక మాట, అరుగు గురించి పది మాటలు చెప్పింది. నా జాతకం చూపిస్తే కుజదోషం ఉందన్నారట. దానికి విరుగుడుగా పగడపు ఉంగరం చేయించి, ఒక మంగళవారం పొద్దున నా వేలికి తొడిగింది.

"ఇది దోషం పీల్చుకున్యాక పిల్లోనోల్లను పిలిపిస్తాం" అంది అత్త.

"పీల్చుకున్యట్ల ఎట్ల తెలుస్తాది?"

"తెలుస్తాదిలే. రంగు మారుతాదంట."

"నేను ఎస్సెల్సీ రాయాల. ఇంకా ఏడాదిన్నర ఉండాది."

"ఆడ కూడా బడి ఉండాదిలేవే."

అక్కడ బడి ఉన్నా పెళ్లయిన పిల్లను ఎవరు పంపుతారు? ఆ మాటే అడిగాను. అత్త నా జడ పట్టుకుని గట్టిగా అల్లింది.

ఆ ఏడాదే మా బడికి కొత్త సైన్సు టీచరమ్మ వచ్చింది. కాకినాడ మనిషి. ఒంటరిగా వచ్చి, రైలుకట్ట దగ్గర గది తీసుకుని ఉండేది. ఆమెతో బాటు ఒక ఇనప ట్రంకు పెట్టె వచ్చింది. దాన్నిండా సముద్రమే. గవ్వలు, ఎండిన నక్షత్రచేప, చేతిలో పట్టేంత తెల్లటి పగడపు ముక్క. ఒక సీసాలో ఫార్మలిన్ పోసి పెట్టిన పువ్వులాంటిది. మూత తీస్తే ముక్కు మండిపోయేది. "ఇది పువ్వు కాదమ్మాయిలూ, జంతువు. రాయిని పట్టుకుని అలాగే ఉండిపోతుంది. తిండి దగ్గరికొస్తే ఈ రెక్కలతో లాక్కుంటుంది" అని చెప్పింది. కదలని జంతువా! జంతువంటే నడవాలి, ఎగరాలి, లేదా ఈదాలి. నేను లేచి వాదించాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. నా వేలు పట్టుకుని పైకెత్తి, "ఇదిగో, నువ్వు వేలికి పెట్టుకున్నదీ అలాంటి జంతువే కట్టిన గూడు" అంది. క్లాసంతా నవ్వింది. నేను వేలు వెనక్కి లాక్కున్నాను.

"నిమ్మరసం పిండి చూడు, బుడగలొస్తాయి. అంతమాత్రాన జంతువని రుజువు కాదనుకో, సున్నపురాయి మీదా వస్తాయి. కానీ సరదాగా ఉంటుంది" అంది.

ఆ సాయంత్రం దొడ్లో కూర్చుని గిన్నెలో నిమ్మకాయ పిండి, ఉంగరం అందులో వేశాను. సన్నటి బుడగలు వచ్చాయి. చూస్తూ మరిచిపోయాను. తీసి చూసేసరికి పగడం కళ పోయి, పాలు తాగిన పెదవిలా తెల్లబారింది. ఏమీ ఎరగనట్టు వేలికి తొడుక్కుని లోపలికి వచ్చాను.

మరుసటి రోజు దీపాలు పెట్టే వేళ, అందరం అన్నాలకు కూర్చున్నాం. రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి. అవ్వ తన పొయ్యి పక్కన విడిగా కూర్చుంది. అత్త నాకు నెయ్యి వేస్తూ నా చెయ్యి చూసి ఒక్క కేక పెట్టింది.

"అయ్యో నా తల్లీ! చూడండప్పా, పగడం తెల్లగయిపోయినాది! దోషమంతా పీల్చేసినాది! నేను చెప్పలే? తమ్ముడా, రేపే ధర్మవరానికి జాబు రాయి. వచ్చే ఆదివారం పిలిపిద్దాం."

నాయన ఉంగరం చూసి తలూపాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. చేతిలో సంగటి ముద్ద కంచంలో పెట్టేశాను. అప్పుడు నేను చెప్పేశాను. నిమ్మరసం సంగతి మొత్తం. అక్కడితో ఆపి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. నేను ఆపే రకమైతే ఇప్పుడీ కథ ఎందుకు?

"అయినా అది రాయే కాదు. సముద్రంలో జంతువు కట్టిన గూడు. ఎముక అనుకోండి. చచ్చిన జంతువు ఎముక నా దోషమెట్ల పీలుస్తాది?"

అత్త నోరు తెరిచేలోపల, పొయ్యి పక్కనుంచి అవ్వ గొంతు వచ్చింది. ఎప్పుడూ వీధి చివరిదాకా పోయే గొంతు, ఆ పూట పొయ్యి కూడా దాటలేదు.

"ఏమంటివి పాపా? పగడమా?"

అప్పుడు చూశాను. ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఆ నాలుగు పగడాల సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. నా ఉంగరం ఒక్కటే నా లోకంగా ఉండింది.

అవ్వ కంచం పక్కకు జరిపింది.

ఆమె బాధ ఏమిటో మీకు సరిగ్గా అర్థం కావాలి. పగడం జంతువైతే, మొక్కు నాడు మొదలు ఈ నాటిదాకా ఆమె మొక్కు తప్పుతూనే ఉంది. మెడలో జంతువును కట్టుకుని కోడిగుడ్డుకు నీళ్లు చల్లింది. తీసేద్దామంటే, అది మొగుడి ఆయుస్సు. ఉంచుకుంటే మొక్కు తప్పు, అదీ మొగుడి ప్రాణానికే. రెండువైపులా తాతే. తాత మాత్రం నిమ్మళంగా సంగటి తింటున్నాడు.

"నిజమేందో తెలిసేదాకా నేను మెతుకు ముట్టను" అంది అవ్వ.

నాయన నా వైపు తిరిగాడు. "మాయమ్మ అన్నం తినేదాకా నువ్వు బడికి పొయ్యేది లే. ఆమె తినకపోతే ఇంక ఎప్పటికీ లే. వచ్చే ఆదివారం పిల్లోనోల్లు వస్తారు. అంతే."

మరుసటి రోజు పొద్దున్నించి నా వెంట పడ్డారు. అమ్మ వంటింట్లోకి లాక్కుపోయి బతిమాలింది. "ఒక్క మాట అనవే. రాయే, నేను తమాషాకు చెప్తి అను. అవ్వ తింటాది, నువ్వు బడికి పోతావు. నీకు పొయ్యేదేముండాది?"

"అది రాయి కాదమ్మా."

"కాకపోతే పోనీ! ఎవురు చూడొచ్చిరి?"

"నేను చూసినా."

చిన్న విషయమని మీకనిపించవచ్చు. నాకు అనిపించలేదు. బడికి పోవడానికి బడిలో నేర్చుకున్నదే అబద్ధమనాలా? అలా పోయి ఇంక ఏం నేర్చుకోవాలి? ఇదే మాట నాయనతో అన్నాను. చెంప మీద ఒకటి పడింది. పడ్డాక కూడా అన్నాను.

అవ్వ ఆ పొద్దంతా మజ్జిగ నీళ్లతో గడిపింది. సాయంత్రం నేనే ఆమె పక్కన పోయి కూర్చున్నాను. అత్త అక్కడే ఉంది.

"అమ్మా, గురువును అడిగిస్తాం. పెనుకొండకు మనిషిని పంపిస్తా" అంది అత్త.

"ఆయప్పకు ఏం తెలుసు? ఆయనా ఈ కొండల్లోనే పుట్టె. సముద్రం చూసినాడా?" అంది అవ్వ.

నా నోరు ఊరుకోలేదు. "అవ్వా, పూజకు నువ్వు కట్టుకొనేది పట్టుచీర కదా? పురుగుల్ని ఉడకబెట్టే కదా దాన్ని తీసేది?"

అత్త నన్ను చంపేసేలా చూసింది. అవ్వ మాత్రం ఆలోచించింది. "పట్టు సంగతి దేవునికి తెలుసు. తెలిసే ఒప్పుకొన్యాడు. ఈ పగడం సంగతి నాకు ఎవురూ చెప్పలే కదా. తెలిసి చేసేది వేరే, తెలీకుండా చేసేది వేరే." తర్వాత నా గడ్డం పట్టుకుంది. "నిన్ను అందరూ రాయి అనమంటాండారు. నాకోసరం మాట మార్చొద్దు. నీకు తెలిసింది నాకు చూపిస్తావా?"

"బడికి రావాల."

"వస్తా."

మరుసటి రోజు శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం బడి వదిలాక అవ్వను తీసుకుపోయాను. మజ్జిగ తాగిన కాళ్లు తడబడుతుంటే నా భుజం పట్టుకుని నడిచింది. అత్త వెనకే వచ్చింది, సాక్ష్యానికి. టీచరమ్మ సైన్సు గది తాళం తీసింది. ఫార్మలిన్ వాసనకు అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అలమరలో సీసాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"ఈ పామును ఊరగాయ ఏసినారేమే?"

"అది చెడిపోకుండా ఉండడానికండీ, మామ్మగారూ" అంది టీచరమ్మ.

"మామ్మ అంటాదేమి నన్ను?" అని అవ్వ నా చెవిలో అడిగింది. టీచరమ్మకు వినబడనే వినబడింది. నవ్వింది.

తెల్లటి పగడపు ముక్కను బల్ల మీద పెట్టి, భూతద్దం అవ్వ చేతికిచ్చింది. అవ్వ ముట్టుకోకుండా వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"తేనెతుట్టె మాదిరి ఉండాది. గదులు గదులు."

"ఒక్కో గదిలో ఒక్కోటి ఉండేదండి. మీ మెడలోది ఇంకో జాతి. దాన్ని అరగదీసి నున్నగా చేస్తారు, అందుకని గుంటలు కనబడవు. కట్టేది మాత్రం ఇలాంటి జంతువులే."

"ఇది తిండికి యాడికి పోతాది?"

"ఎక్కడికీ పోదండి. నీళ్లే తెచ్చిపెడతాయి."

"నీల్లు తేకపోతే?"

"చచ్చిపోతుందండి."

అవ్వ భూతద్దం దించింది. "మరి కాల్లు ల్యాకుండా ఆడికెట్ల చేరె?"

"పిల్లగా ఉన్నప్పుడు ఈదుతుందండి. కొన్నాళ్లు నీళ్లలో తిరుగుతుంది. ఆ తర్వాత ఒక చోటు చూసుకుని అతుక్కుంటుంది. అతుక్కున్నాక ఇంక కదలదు."

"చోటు అదే చూసుకుంటాదా? ల్యాకుంటే ఎవురైనా చూపిస్తారా?"

"అదే చూసుకుంటుందండి. అతుక్కోకముందే, సరిపడకపోతే వదిలేసి ఇంకో చోటికి పోతుంది."

అవ్వ బల్ల పట్టుకుని నిలబడింది. బయట ఎవరో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

"మాది గుడిబండ అవతల పల్లె" అంది టీచరమ్మతో. "పెండ్లప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నిద్రపోతాంటే ఎత్తి బండిలో ఏసినారు. లేసి చూస్తే ఈడుండా."

టీచరమ్మ ఒక స్టూలు ఆమె దగ్గరికి జరిపింది. అవ్వే మళ్లీ అడిగింది, "నువ్వు యాడ అతుక్కొన్యావమ్మా?"

"నేనింకా ఈదుతున్నానండీ, మామ్మగారూ."

అవ్వ పకపకా నవ్వింది. రెండు రోజుల పస్తులో ఆ నవ్వుకు దగ్గొచ్చింది. అత్త నవ్వలేదు. చివరిగా అవ్వ ఒక మాట అడిగింది, దీన్ని చచ్చినాక తెస్తారా, చంపి తెస్తారా అని. "బతికున్నదాన్నే వలలేసి లాగుతారండి" అని టీచరమ్మ దాచకుండా చెప్పింది.

ఇంటికి రాగానే అవ్వ కాళ్లు కడుక్కుని తాత ముందు కూర్చుంది. అందరమూ ఉన్నాం.

"ఏమయ్యా, ఈ పగడాలు తీసేస్తాండా. నీకేమన్నా అయితే నన్ను తిట్టుకోవద్దు."

"అయినాక యాడ తిట్టేది?" అన్నాడు తాత.

అమ్మ "వద్దత్తా" అని ఏడుస్తూనే ఉంది. అవ్వ దారం సడలించి నాలుగు పగడాలూ తీసి, తాళిబొట్టు మళ్లీ కట్టుకుంది. పగడాలను మల్లెపాదులో పూడ్చిపెట్టింది, పిట్ట చచ్చిపోతే పూడ్చినట్టు. చేతులు కడుక్కుని వచ్చి నాయనతో అంది, "పాప వేలిది కూడా తియ్యి. ధర్మవరమోల్లకు జాబు రాయి, ఇప్పుడు కాదని."

"సంబంధం పోతాదమ్మా."

"పోనీ. దీని పరీచ్చ అయ్యేదాకా ఇంట్లో ఎవురూ పెండ్లి మాట ఎత్తేది లే. నిద్రపోతాంటే ఎత్తుకపొయ్యేది నాతోనే సరి." అని తన కుండ దగ్గరికి పోయి, "నాకు ఆకలైతాండాది. చల్లన్నం ఉన్నా పెట్టండి" అంది.

సోమవారం బడికి పోయాను.

ఇక్కడితో అయిపోయిందంటే నాకూ బాగుండేది. కానీ మరుసటేడు, నా ఎస్సెల్సీ పరీక్షలకు రెండు వారాల ముందు, తాత పోయాడు. పొద్దున పళ్లు తోముకుంటూ బావిగట్టు మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. డెబ్బై దాటిన మనిషి. శవం వాకిట్లో ఉండగానే అత్త గుండెలు బాదుకుంటూ అందరికీ వినబడేలా ఏడ్చింది. "పగడాలు తీయించిరి! చదువుకున్న నోరు మా నాయనను మింగె!" ఆ నోరు ఎవరిదో తెలియనివాళ్లు ఆ వాకిట్లో లేరు. నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆరోజు నాకు వాదన దొరకలేదు. ఒకవేళ, అని ఒక పురుగు నా లోపల కూడా తొలిచింది. దాచను. సైన్సు చదివినదాన్నే, అయినా తొలిచింది.

పదకొండో దినం అవ్వ తాళి తీశారు. ఆమెను మూలగదిలో చాప మీద కూర్చోబెట్టి తలుపు దగ్గరకేశారు. ఏడాదిదాకా ఆమె ఆ గది గడప దాటకూడదు. మంచి పనికి పోయేవాళ్లు ఆమె మొగం చూడకూడదు. నాయన ఆ రాత్రి అన్నం దగ్గర "ఇంక పరీచ్చలు ఎందుకులే ఈ యేడు" అన్నాడు మెల్లగా.

మూలగదిలోంచి అవ్వ గొంతు వచ్చింది, ముందులాగే వీధి చివరిదాకా.

"ఆయన పోయింది పెద్దతనం వచ్చి. మెడలోది నేను తీసింటి, పాప కాదు. పరీచ్చ ఎప్పుడు?"

"ఎల్లుండి" అన్నాను.

"పోతాది" అంది అవ్వ. నాయన తల వంచుకుని తిన్నాడు.

ఎల్లుండి పొద్దున స్నానం చేసి, పెన్ను, హాలు టికెట్టు తీసుకుని బయల్దేరాను. అత్త అప్పటికే మూలగది తలుపు మూసి బయట గొళ్లెం పెట్టి, నన్ను వెనకవాకిలి వైపు నెట్టింది. "ఇట్ల పో. ముందు పక్కకు రావాకు. ఆమె నీడ కూడా పడొద్దు" అంది.

నేను చెప్పులు విడిచి, నడింట్లోంచి నడిచిపోయి మూలగది తలుపు తీశాను. గొళ్లెం పెద్దగా మోగింది. అవ్వ చాప మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. బొట్టు లేని నుదురు, బోసి మెడ. నన్ను చూసి చప్పున కొంగు మొగానికి అడ్డం లాక్కుంది.

"యాల వచ్చినావే? పో, పో. అపశకునం."

"కొంగు తియ్యవ్వా. నీ మొగం చూసే పోతా."

వెనక అత్త అరుస్తోంది. అమ్మ గుమ్మం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను కదల్లేదు. చివరికి అవ్వ కొంగు దించింది. కళ్లు వాచి ఉన్నాయి. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"పెన్నులో సిరా పోసుకొన్యావా?"

"పోసుకొన్యా."

"అయితే నిలబడ్తావేమి? పొద్దుపోతాండాది."

పాసయ్యాను. సైన్సులో బడికంతా మొదటిదాన్ని. తర్వాత అనంతపురంలో కాలేజీ, జంతుశాస్త్రం. ఆ రోజు తలుపు తీసినందుకు అత్త బతికున్నంతకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. నాకు ఇంత నోరెందుకని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. తర్వాత చేసిన వాదనలన్నీ నాకు చాలా తేలికనిపించాయి. ఆ గొళ్లెం తీయడం మాత్రం తేలిక కాదు. అయినా తీశాను.